శేషావతారం చేపల పుస్తకం

గువ్వలలంకకు దిగువన, కాలువ నీళ్ళు వచ్చి నిలిచిపోయే చోట, నిలువెత్తు తుంగ పెరిగిన బాడవ ఒకటి ఉంది. అక్కడ చేపలకు కరువు లేదు. చేపల కోసం తగువులకు అసలే కరువు లేదు. ఆ తుంగలోనే నాంచారమ్మ కాపురం. ఆవిడ బావురుపిల్లి. ఊళ్ళో పిల్లులు ఒంటిమీద నీటిచుక్క పడితే చాలు గోడెక్కేస్తాయి గానీ, బావురుపిల్లి తలతో సహా నీళ్ళలో మునిగి చేపను పట్టుకొస్తుంది. నాంచారమ్మకు ఇద్దరు పిల్లలు. పాలు మాన్పించి వారమైంది. ఇప్పుడు వాళ్ళకు రోజూ చేప పడాలి, లేకపోతే తుంగంతా ఎగిరిపోయేలా ఏడుస్తారు.

ఒకనాడు మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు వేసుకున్న మనిషొకడు బాడవలోకి వచ్చాడు. చిన్న వలతో చేపను పట్టడం, సంచిలోంచి బొమ్మల పుస్తకం తీసి పోల్చి చూడడం, ఏదో రాసుకోవడం, చేపను మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యడం. రెండు రోజులు అదే పని. పట్టిన చేపను వదిలేసే మనిషిని చూసి కొంగ పోలయ్యకు రెండు రోజులూ ముద్ద దిగలేదు. మూడోనాడు వాన ముసురుకొస్తుంటే ఆ మనిషి గబగబా సర్దుకుని వెళ్ళిపోయాడు. పుస్తకం గట్టుమీదే మరిచిపోయాడు.

అది నక్క శేషావతారం కంటబడింది.

శేషావతారానికి అక్షరం ముక్క రాదు. నీళ్ళంటే భయం. దోసపాదుల్లో దొంగతనం, గట్లమీద పీతలు, ఇదీ ఆయన బతుకు. కానీ ఒక సంగతి మాత్రం ఆయనకు బాగా తెలుసు. ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కూర్చున్నవాడు ఏం చెప్పినా నలుగురూ వింటారు.

అదృష్టం కొద్దీ ఆ వారమే పోలయ్యకు కడుపునొప్పి వచ్చింది. రెండు రోజుల బెంగ తీరేలా ఒక్క పూటలో ఇరవై చేపలు మింగితే రాకేం చేస్తుంది? శేషావతారం వెంటనే గట్టెక్కి పుస్తకం తెరిచాడు. బుడగలా ఉబ్బిన చేప బొమ్మ, దాని పక్కన ఎర్రటి ముక్కోణపు గుర్తు ఉన్న పేజీ తీసి అందరికీ చూపించాడు.

"చూశారా ఈ ఎర్ర గుర్తు? విషం! బాడవలో చేపలకు విషం పట్టింది. ఇకనుంచి ఎవరు ఏ చేప పట్టినా ముందు నాకు చూపించండి. మంచిదైతే తినండి. చెడ్డదైతే నేను తీసుకుపోయి పాతిపెడతాను. నాకెందుకీ శ్రమ అంటారా? మీమీద అభిమానం, అంతే!"

మర్నాటినుంచి గట్టుమీద పెద్ద వరస.

పోలయ్య మట్టగిడసను పట్టుకొచ్చాడు. శేషావతారం పుస్తకం తెరిచి, మూసి, పెదవి విరిచాడు. "విషం."

"అదేంటి పంతులుగారూ! మా నాన్నా తిన్నాడు, మా తాతా తిన్నాడు ఇదే చేప!"

"ఇప్పుడు వాళ్ళేరీ?"

పోలయ్య చేపను అక్కడ పెట్టేశాడు.

నీటికుక్క గంగరాజు బొమ్మిడాయిని తెచ్చాడు. "ఇది పామో చేపో పుస్తకమే తేల్చుకోలేకపోతోంది నాయనా. ఇక నీ పొట్టేం తేల్చుకుంటుంది? పెట్టు అక్కడ!" తాబేలు నరసమ్మ వేలెడంత పరిగెను తెచ్చి, "ఇంత చిన్నదాంట్లో కూడానా బాబూ?" అంది. "విషం కూడా చిన్నదే అత్తా. కానీ నీ వయసుకు అది చాలు" అన్నాడు శేషావతారం.

నాంచారమ్మ కొర్రమీనును తెచ్చింది. మూరెడు చేప. దాన్ని చూడగానే శేషావతారం నోట్లో నీళ్ళూరాయి. వెంటనే బుడగ చేప పేజీ తీశాడు.

"పంతులుగారూ, ఆ బొమ్మ గుమ్మడికాయలా ఉంది. నా చేప కర్రలా ఉంది కదండీ."

"ఎండలో పెడితే ఉబ్బుతుంది."

"నేను ఎండలో పెట్టనండీ. ఇప్పుడే పిల్లలకు పెడతాను."

"అప్పుడు పిల్లలు ఉబ్బుతారు!"

ఆ మాట విన్నాక ఏ తల్లయినా ఏం చేస్తుంది? నాంచారమ్మ చేపను వదిలేసి ఇంటికెళ్ళింది. ఆ పూట పిల్లలకు రెండు మిడతలు పెట్టింది. వాళ్ళు మిడతలను చూశారు, అమ్మను చూశారు, రాగం అందుకున్నారు.

నాలుగు రోజులు ఇదే వరస. ఐదోనాడు నాంచారమ్మ చేప ఇచ్చి వస్తూ, అనుమానం వచ్చి, నక్క వెళ్ళిన దారినే వెనకగా వెళ్ళి చూసింది. తుమ్మపొద చాటున కొర్రమీను ముళ్ళు, మట్టగిడస తలలు, బొమ్మిడాయి వెన్నెముక. పాతిపెట్టింది ఒక్కటీ లేదు. పొద నీడలో శేషావతారం ఎండుగడ్డితో పళ్ళు కుట్టుకుంటూ పడుకుని ఉన్నాడు. పొట్ట సోరకాయలా నిగనిగలాడుతోంది.

నాంచారమ్మ మండిపోతూ నరసమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అత్తా, విషం తిన్నవాడు అలా నున్నగా తేలతాడా? ఇప్పుడే పోయి అందరికీ చెప్పేస్తాను."

"చెప్పు. నువ్వు చెబితే వాడు పుస్తకం తెరుస్తాడు. తెరవడానికి నీ దగ్గరేముంది?"

"నోరుంది!"

"అది వాడికీ ఉందే పిచ్చిదానా" అని నరసమ్మ తల లోపలికి లాక్కుంది.

మర్నాడు నాంచారమ్మ వరసలో నిలబడి ఉండగా గాలి విసురుగా వీచింది. శేషావతారం చేతులు ఊపుతూ ఉపన్యాసం ఇస్తున్నాడు. ఒళ్ళో పుస్తకం పేజీలు టపటపా తిరిగాయి. ఒక పేజీ మీద నాంచారమ్మ చూపు ఆగింది. నల్లటి పొడుగాటి చేప, మూతికి మీసాలు, వీపుమీద గోరంత రెక్క. పక్కన ఎర్ర ముక్కోణం, దాని కింద వాచిపోయిన చెయ్యి బొమ్మ. ఇంగిలాయి! చిన్నప్పుడు దాని పక్కరెక్క ముల్లు గుచ్చుకునే కదా నాంచారమ్మ కాలు మూడు రోజులు మోకాలంత లావు వాచింది! 'అయితే పుస్తకం అబద్ధం చెప్పట్లేదన్నమాట. దాన్ని పట్టుకున్నవాడే చెబుతున్నాడు' అనుకుంది.

ఆ మర్నాడు పొద్దున్నే బురదలో దిగి, ఎంతో జాగ్రత్తగా ఒక ఇంగిలాయిని తుంగలో చుట్టి, గట్టుమీద అందరి మధ్యకూ తెచ్చి పెట్టింది. చేప ఇంకా కొట్టుకుంటోంది.

"పంతులుగారూ, ఇవాళ నేను తెచ్చింది నిజంగానే విషపు చేపండీ. ఇంగిలాయి. మీకు చూపిద్దామని తెచ్చానంతే. మీరు ముట్టుకోకండి, నేనే తీసుకుపోయి దూరంగా వదిలేసి వస్తాను."

శేషావతారం చెవులు నిక్కపొడుచుకున్నాయి. రోజూ మంచి చేపేనని పేచీ పెట్టేది, ఇవాళ తనంతట తానే విషం అంటోంది! పైగా తనే తీసుకుపోతుందట! 'ఓహో, నా విద్య నాకే నేర్పుతున్నావా? పిల్లలకు దాచుకునేంత రుచిగల చేపన్నమాట' అనుకున్నాడు. ఠీవిగా కళ్ళు మూసి తెరిచి, "ఇది ఇంగిలాయి కాదు. మార్పు చేప. మహా మంచి చేప" అన్నాడు.

అందరూ ఆయన నోట మంచి చేప అన్న మాట వినడం అదే మొదలు.

"కాదండీ, మార్పుకూ ఇలాగే మీసాలుంటాయి గానీ, దాని వీపు రెక్క తలదగ్గర మొదలై తోకదాకా ఉంటుంది. దీనికి చూడండి, గోరంతే."

"నాకు పాఠం చెబుతావా? పుస్తకం నీ దగ్గరుందా, నా దగ్గరుందా?"

"మీ దగ్గరే ఉందండీ. దాంట్లోనే ఉంది, వాచిన చెయ్యి బొమ్మ పక్కన. ఒక్కసారి తిరగేసి చూడండి."

"తెలియనివాడు తిరగేస్తాడు!"

"పోనీ మూతి పెట్టకండి. పక్కరెక్కల్లో ముళ్ళున్నాయి. మీ మంచికే చెబుతున్నాను."

"అవునవును, నా మంచికే! మంచి చేపను విషమని చెప్పి కాజేసేవాళ్ళను నేను చాలామందిని చూశాను" అన్నాడు శేషావతారం. అబద్ధం కాదు, రోజూ నీళ్ళలో తన నీడను చూస్తున్నదే. "ఇదిగో, అందరి ఎదుటా తిని చూపిస్తాను!"

అని చేపను మొత్తంగా నోట కరిచాడు. ఇంగిలాయి ఒక్కసారి గట్టిగా గింజుకుంది.

ఆ అరుపుకు గువ్వలలంకలో కుక్కలు కూడా బదులు పలికాయి. శేషావతారం గాల్లోకి ఎగిరి గట్టుమీద పడి, అక్కణ్ణుంచి బురదలోకి దొర్లాడు. చేప ఒకవైపు, పుస్తకం ఒకవైపు ఎగిరిపడ్డాయి. చేప నీళ్ళలోకి జారుకుంది. చూస్తుండగానే ఆయన పై పెదవి వంకాయంత అయింది.

నాంచారమ్మ పుస్తకం అందుకుని పంజాతో పేజీలు తిప్పి ఇంగిలాయి బొమ్మ చూపించింది. గంగరాజు బొమ్మలో చెయ్యిని చూశాడు, నక్క మూతిని చూశాడు. "పుస్తకం ఉన్నదున్నట్టే చెప్పిందే!" అన్నాడు. పోలయ్య మెడ సాచి, తనే ముక్కుతో పేజీలు తిప్పాడు.

"ఒదినా, ఇదిగో నా మట్టగిడస! ఎర్ర గుర్తేదీ? ఇదిగో బొమ్మిడాయి, దీనికీ లేదు. కొర్రమీనుకూ లేదు!"

"తుమ్మపొద వెనక్కి వెళ్ళి ముళ్ళు లెక్కపెట్టుకోండి" అంది నాంచారమ్మ.

అందరి తలలూ ఒక్కసారి శేషావతారం వైపు తిరిగాయి. "మాప్పు... మాప్పు తేప అనుకున్నా" అని ఏదో చెప్పబోయాడు గానీ, గంగరాజు పళ్ళు చూశాక ఆ వాపు మూతితోనే దోసపాదులకేసి పరుగెత్తాడు.

నాంచారమ్మకు జాలేసింది. తను పడ్డ బాధే కదా. "కంగారు పడకండి! మూడు రోజుల్లో అదే తగ్గిపోతుంది!" అని వెనకనుంచి కేకేసింది.

శేషావతారం ఆ మాటా నమ్మలేదు. 'మూడు రోజులంటోందంటే నాకు మూడు రోజులే మిగిలాయన్నమాట' అనుకుని, దోసపాదులో వెల్లకిలా పడుకుని, పక్కనే పండిన దోసకాయలున్నా ముట్టకుండా, గడువు దాటినా చావుకోసం ఎదురుచూస్తూ వారం రోజులు గడిపాడు. వాపు మూడోనాడే తగ్గిపోయిందని ఆయనకు చెప్పేవాళ్ళు లేకపోయారు.

రోజూ అబద్ధమాడేవాడికి పడే పెద్ద శిక్ష ఎవరూ తనను నమ్మకపోవడం కాదు, తనకే ఎవరి నిజమూ నమ్మబుద్ధి కాకపోవడం.