పెట్టగరుడ స్వామి వెలసిన కథ

ఎర్రవాగు ఒడ్డున ఉన్న ఈ వేణుగోపాలస్వామి ఆలయానికి వచ్చే భక్తులు ముందుగా ముఖమండపంలోని గరుత్మంతుని చిత్రం ఎదుట ఆగుతారు. కిరీటం, జోడించిన చేతులు, విప్పిన రెక్కలు అన్నీ శాస్త్రప్రకారమే ఉన్నా స్వామి అచ్చం కోడిపెట్టలా దర్శనమిస్తారు. నవ్వు వస్తే దోషం లేదని అర్చకస్వాములే చెబుతారు. ఊరికి పెట్టగరుడపల్లి అనే పేరు ఈ చిత్రం వల్లనే వచ్చింది.

పూర్వం ఇక్కడ ఓబళరాజు అనే పాలెగాడు గుడి కట్టించి, గోడపై గరుత్మంతుని రచించమని తిమ్మోజు అనే చిత్రకారుని నియమించాడు. తిమ్మోజు లతలు, పువ్వులు గీయడంలో దిట్ట. పక్షిని మాత్రం ఎన్నడూ గీయలేదు. గద్దను చూసి గీద్దామని తల పైకెత్తి దాని వెంట నడిచి వాగులో పడ్డాడు. కుదురుగా కూర్చునే పక్షి ఆయనకు ఒక్కటే దొరికింది. అది పెరట్లో గుడ్లు పొదుగుతున్న కోడిపెట్ట.

తెర తీసిన రోజున పాలెగాడు చాలాసేపు చూశాడు.

"ఆ నోట్లో ఉన్నదేమిటి తిమ్మోజూ?"

"పాము ప్రభూ."

"వానపాములా ఉంది. రేపు దీని మీద సున్నం కొట్టిస్తాను. నువ్వు ఊరు విడిచి వెళ్ళు."

ఇంట్లో మూట కడుతూ భార్య వీరాంబ, "నెమలిని పెంచుదామంటే విన్నారా?" అని మాత్రం అన్నది.

మరునాడు ఉదయం గద్ద వచ్చి ఆ పెట్టనే తన్నుకుపోయింది. అప్పటికి పిల్లలు గుడ్ల నుంచి బయటపడి కొద్ది రోజులే అయింది. అవి తల్లిని వెదుకుతూ గుడిలోకి వచ్చి, గోడ మీది బొమ్మను చూసి, దాని రెక్క కింద చేరి సద్దుమణిగాయి. వాటి కోసం దూసుకువచ్చిన గద్ద, ఆ బొమ్మ కంటపడగానే వెనుదిరిగింది. సున్నం కొట్టవలసిన పనివారు కుంచెలు దించి కబురు పంపారు. విషయం తేల్చడానికి వచ్చిన పాలెగాడు ఎండకు అలసి మండపంలోనే కునుకు తీశాడు.

కలలో గరుత్మంతుడు సాక్షాత్కరించాడు. "నన్ను చూసి భయపడి పారిపోయినవారే గాని, భయపడి నా దగ్గరికి వచ్చినవారు ఇన్ని యుగాలలో వీళ్ళే. ఈ రూపం నాకు నచ్చింది. ఆ సున్నం నీ కోటకు వేసుకో."

"ముక్కైనా దిద్దించమంటారా స్వామీ?"

"వద్దు. పిల్లలు గుర్తుపట్టలేరు."

పాలెగాడు మేల్కొని, స్వయంగా తిమ్మోజు ఇంటికి వెళ్ళి మూట విప్పించాడు.

నేటికీ చిత్రకారులు, శిల్పులు తమకు సరిగా కుదరని బొమ్మలను తెచ్చి స్వామికి చూపించి, మండపంలో తిరిగే కోడిపిల్లలకు నూకలు చల్లుతారు. నిద్రలో ఉలికిపడే పసివారిని తల్లులు ఆ రెక్క కింద కాసేపు పడుకోబెడతారు. ఎంతటి పిరికి పిల్లలైనా అక్కడ గాఢంగా నిద్రపోతారు. గుడి తలుపులు వేసే వేళ వారిని లేపడమే అర్చకస్వాములకు పెద్ద పని.