ఉప్పు తాగిన గోడ

అనగా అనగా, ఏరు ఇప్పటికంటే వెడల్పుగా పారే రోజుల్లో, సముద్రం ఒడ్డున ఏటిమొగ అని ఒక పట్నం ఉండేది. ఆ పట్నంలో కామయ్య శెట్టి అని ఒక ఉప్పు వర్తకుడు ఉండేవాడు. ఆయనకు లేనిది లేదు. ఉన్న జబ్బల్లా ఒక్కటే. ఊళ్ళో ఎక్కడ నలుగురు చేరినా ముందుగా తన పేరే వినపడాలి.

ఆయన భార్య మాణిక్యమ్మ. తక్కువ మాట్లాడేది, ఎక్కువ గమనించేది. వాళ్ళకు పిల్లలు లేరు. అంత పెద్ద ఇంట్లో మనిషి అలికిడి అంటే ఆమె గాజుల చప్పుడే.

ఒక శ్రావణ మాసంలో ఏరు పొంగింది. మూడు రోజులు పట్నంలో నడుము లోతు నీళ్ళు నిలిచాయి. నాలుగోనాడు నీళ్ళు తీశాయి. శెట్టి ఇంటి పడమటి గదిలో ఉప్పు బస్తాలు ఉండేవి. ఇప్పుడు చూస్తే ఖాళీ గోతాలు నేలకు అంటుకుని ఉన్నాయి. అంత ఉప్పూ ఎక్కడికి పోయిందని శెట్టి అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. ఉప్పును గోడలు తాగాయి. మట్టి గోడలకు దాహం ఎక్కువ పిల్లలూ.

ఆ పట్నంలో ఒక ఆచారం ఉండేది. వరద తీసిన తర్వాత వచ్చే తొలి పున్నమికి ఏటమ్మ తల్లి ఘటాన్ని ఊరేగిస్తారు. అందరికంటే ముందు ఏ ఇంటి గోడలు తెల్లబడితే ఆ ఇంటి అరుగు మీద ఘటాన్ని మొదట దించుతారు. ఆ ఇంటి ఇల్లాలు పసుపునీళ్ళు తెచ్చి ఘటం ముందు పోస్తుంది. ఇక ఆ ఏడాదంతా ఊళ్ళో ఏ శుభం జరిగినా మొదటి తాంబూలం ఆ ఇంటి యజమానిదే. ఎదురింటి నూనె వర్తకుడు అప్పలస్వామి అప్పటికే సున్నం నానబెట్టించాడని శెట్టికి కబురు అందింది. పున్నమి ఇంకా పన్నెండు రోజులే ఉంది. శెట్టికి అన్నం సహించలేదు.

తడిసిన ఇంటిని బాగుచేసేవాళ్ళు కావాలని ఆయన ఊరంతా చాటింపు వేయించాడు. ముగ్గురు వచ్చారు.

మొదట తాపీపని చేసే సింహాద్రి వచ్చాడు. ఇల్లంతా తిరిగి చూశాడు. దీన్ని కూలగొట్టి మళ్ళీ కట్టుకోవడమే మేలని, అందుకు ఏడాది పడుతుందని చెప్పాడు. శెట్టి నవ్వి అతన్ని పంపేశాడు.

రెండోది గవరమ్మ. మట్టిపని చేసే ముసలామె. చేతిలో తట్ట, భుజాన పార. ఆమె ఇల్లంతా తిరగలేదు. తిన్నగా పడమటి గదిలోకి వెళ్ళి, గోడ అడుగున వేలితో గీకి, ఆ వేలు నాలుక మీద పెట్టుకుంది. శెట్టి మొహం చిట్లించాడు.

"ఈ గోడ ఉప్పు తాగేసింది శెట్టిబాబూ," అంది గవరమ్మ. "ఉప్పు లోపలున్నంత కాలం తడి ఆరదు. పైన పూత గీకేయాలి. నేల తవ్వాలి. పెంకులు కొన్ని తీసి గాలి ఆడనివ్వాలి. మెత్తటి మట్టి పట్టు వేసి, అది ఎండాక గీకి పారేయాలి. ఆ మట్టితో పాటు ఉప్పు బయటికొస్తాది. అలా మూడుసార్లు. నలభై రోజులు మీరు పెరట్లో పాక వేసుకుని ఉండండి."

పున్నమికి పూర్తవుతుందా అని శెట్టి అడిగాడు. అవదని ఆమె ఉన్నమాట చెప్పింది. నలభై రోజులు గీకిన గోడలతో ఊరికి కనపడటమా, పాకలో కాపురమా అని శెట్టి తల పట్టుకున్నాడు.

అప్పుడు మూడోవాడు వచ్చాడు. వెల్లవేసే మాధవయ్య. తలకు జరీ పాగా, చంకలో కుంచెల కట్ట. గోడను ముట్టుకోను కూడా లేదు. దూరం నుంచే చూసి, మూడు రోజుల్లో పని అవుతుందన్నాడు. జిగురు కలిపిన సున్నం మందంగా పూసి, గవ్వలతో నున్నగా రుద్దితే శెట్టిగారు గోడలోనే మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చన్నాడు. ఇల్లు వందేళ్ళు నిలుస్తుందన్నాడు.

సరిగ్గా ఆ మాట మీద పడమటి గోడ అడుగున బల్లి పలికింది.

మాట మధ్యలో బల్లి పలికితే ఆ మాట నిజమవుతుందని మనవాళ్ళ నమ్మకం కదా. శెట్టి గభాలున వంగి, వేళ్ళతో నేల మీద మూడుసార్లు తట్టి, "సత్యం, సత్యం" అన్నాడు. సింహాద్రి చెప్పినప్పుడు పలకలేదు, ముసలిది చెప్పినప్పుడు పలకలేదు, మాధవయ్య చెప్పినప్పుడే పలికిందని మురిసిపోయాడు.

పాపం ఆ బల్లికి మాధవయ్య ఎవరో, శెట్టి ఎవరో తెలియదు. గోడ అడుగున పగులులో అది రెండు గుడ్లు పెట్టుకుంది. ఆ పగులులోకి ఉప్పునీళ్ళు ఊరుతున్నాయి. అది అరిచింది అందుకు.

గవరమ్మ తట్ట ఎత్తుకుంటూ ఆగింది. "బల్లి ఏ మాటకు పలికిందో చూశావు బాబూ. అది ఎక్కడి నుంచి పలికిందో, రేపు ఎక్కడికి పోతాదో కూడా చూసుకో. గోడలో బతికే జీవి అది," అంది. శెట్టి వినిపించుకోలేదు.

మాణిక్యమ్మ మాత్రం విన్నది. గవరమ్మ వెళ్ళాక భర్త దగ్గరికి వచ్చి, తనకు పాకలో ఉండటానికి ఏ కష్టమూ లేదని, ఆ ముసలామె చేతికే పని ఇవ్వమని అడిగింది. ఘటం సంగతి ఏమిటని శెట్టి కసిరాడు.

"ఘటం వచ్చే ఏడు కూడా వస్తుందండి," అంది మాణిక్యమ్మ.

ఆడవాళ్ళకు పరువు సంగతులు తెలియవని శెట్టి ఆ మాట కొట్టిపారేశాడు. ఆ ఇంటి పరువును ఇరవై ఏళ్ళుగా మోస్తున్నది ఆమే. అయినా ఆయన ఆమెతో ఆ మాటే అన్నాడు.

మాధవయ్య అన్నంత పనీ చేశాడు. మూడు రోజుల్లో గోడలు మల్లెపూలలా తెల్లబడ్డాయి. ఊరివాళ్ళు వచ్చి గోడల్లో తమ నీడలు చూసుకుని వెళ్ళారు. ఎదురింటి అప్పలస్వామి నానబెట్టిన సున్నం నానుతూనే ఉంది. లోపలి తడి మాత్రం ఎక్కడికీ పోలేదు. బయటికి దారి మూసేస్తే అదెలా పోతుంది? ఉప్పుతో కలిసి గోడ మట్టిని లోలోపలే గుల్ల చేస్తూ కూర్చుంది.

ఐదోనాడు మాణిక్యమ్మ ఒక అప్పడం తెచ్చి పడమటి గదిలో గోడ గూట్లో పెట్టింది. ఇంకో అప్పడాన్ని వంటింట్లో ఉట్టి మీద పెట్టింది. మధ్యాహ్నం తీసి వంచితే ఉట్టి మీది అప్పడం ఫెళ్ళున విరిగింది. గూట్లోది తడిగుడ్డలా వేలాడింది. ఆమె రెంటినీ తెచ్చి భర్తకు చూపించింది. వానాకాలం అప్పడం మెత్తబడక గట్టిపడుతుందా అని శెట్టి ఎగతాళి చేసి, మెత్తబడ్డదాన్ని కూడా కాల్చి తెమ్మన్నాడు. ఆ ఎగతాళి మధ్యలోనే గుమ్మం పైకమ్మి మీద బల్లి రెండోసారి పలికింది. శెట్టి మళ్ళీ వంగి నేల తట్టాడు. బల్లి గోడ అడుగు వదిలి గుమ్మం పైకి చేరిందని ఆయనకు తట్టలేదు. మాణిక్యమ్మ ఆ రోజు నుంచి పడమటి గదిలో ఏమీ పెట్టడం మానేసింది. అంతకంటే ఆమె చేయగలిగింది లేదు. ఇల్లు ఆమెది అన్నమాటే గానీ గోడలు ఆయనవి.

పున్నమి రానే వచ్చింది. శెట్టి ఇల్లు చుట్టాలతో నిండిపోయింది. వంటింట్లో చోటు లేక ఎవరో చుట్టాలావిడ పసుపునీళ్ళ బిందెను పడమటి గదిలో పెట్టించింది. పొద్దు వాలకముందే డప్పులు వినిపించాయి. ఘటం వీధి మొదటికి వచ్చింది. శెట్టి అరుగు మీద నిలబడి మీసం దువ్వుకుంటూ, పసుపునీళ్ళు తెమ్మని లోపలికి కేక వేశాడు.

బిందె పడమటి గదిలో ఉందని తెలిసి మాణిక్యమ్మ గుమ్మం దగ్గర ఆగింది. గోడ అడుగున సున్నం పొంగు కట్టి ఉంది. వేరే నీళ్ళు కలిపి తెస్తానని భర్తకు చెప్పి పంపింది.

"ఘటం వాకిట్లోకి వచ్చేసింది మాణిక్యం. నా పరువు తీయకు. ఆ బిందె తీసుకురా," అని అరుగు మీంచే అరిచాడు శెట్టి.

ఆమె లోపలికి వెళ్ళింది.

అరుగు మీద శెట్టి ఊరివాళ్ళ వైపు తిరిగి, తన ఇల్లు ఇంకో వందేళ్ళు చెక్కుచెదరదని చెబుతున్నాడు. బల్లి మూడోసారి పలికింది. ఈసారి ఆయన ఇంట్లోంచి కాదు, ఎదురింటి అప్పలస్వామి చూరు లోంచి. శెట్టి ఆ తేడా పట్టించుకోకుండా వంగాడు. వేళ్ళతో అరుగు మీద ఒకసారి తట్టాడు. రెండోసారి తట్టాడు. మూడోసారి తట్టేలోగా పడమటి గోడ కూలింది.

డప్పులు ఆగిపోయాయి. అందరూ పరుగెత్తి మట్టి పెళ్ళలు తీశారు. అందరికంటే ముందు మట్టిలో చేతులు పెట్టింది గవరమ్మ. మాణిక్యమ్మ దొరికింది గానీ ప్రాణం దొరకలేదు. ఆమె చేయి బిందె అంచు మీదే ఉంది.

ఘటాన్ని శెట్టి అరుగు మీద దించలేదు. మైల పడిన ఇంటి ముందు తల్లి ఆగదని పక్క వీధికి మళ్ళించారు.

ఊరి పెద్దలు మాధవయ్యను పిలిపించారు. అతను కూలిన పెళ్ళ ఒకటి చేతిలోకి తీసుకుని అందరికీ చూపించాడు. "గోడ కూలిందే గానీ నా సున్నం ఒక్క చోటైనా రాలిందా చూడండి. తెల్లగా చేయమన్నారు, చేశాను. ఆరబెట్టమని నన్నెవరు అడిగారు?" అన్నాడు. పెద్దలు శెట్టి వైపు చూశారు. శెట్టి నేల వైపు చూశాడు. మాధవయ్య కుంచెలు కట్టుకుని వేరే ఊరికి పోయాడు. అక్కడ కూడా వరద వచ్చిందట. అక్కడ కూడా అతనికి చేతినిండా పనట. ఏం చెప్పమంటారు?

పదకొండోనాడు దాటాక శెట్టి తనంతట తాను గవరమ్మ గుడిసెకు వెళ్ళాడు. ఆమె నాలుగు మాటలు అనవచ్చు, అనడానికి ఆమెకు హక్కుంది. అనలేదు. తట్ట ఎత్తుకుని వచ్చింది. శెట్టికి అదే ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె పూత గీకింది. నేల తవ్వింది. మట్టి పట్టు మూడుసార్లు వేసి మూడుసార్లు గీకి పారేసింది. కూలిన గోడను కొత్త మట్టితో లేపింది. నలభై రోజులు శెట్టి పెరటి పాకలో ఒక్కడే పడుకున్నాడు. ఇద్దరికి సరిపడే పాక అది.

మరుసటి ఏడు ఏరు మళ్ళీ పొంగింది. ఈసారి శెట్టి ఇంటి గోడలు నీళ్ళు తీసిన వారానికే ఆరిపోయాయి. శెట్టి పరువు కోసం ఎవరినీ పిలవలేదు. గవరమ్మే వేలితో గీకి, నాలుక మీద పెట్టుకుని, ఇక పర్వాలేదని చెప్పి పల్చగా వెల్ల వేయించింది. ఊరంతటిలో మొదట తెల్లబడిన ఇల్లు అదే అయింది.

పున్నమినాడు ఘటం వచ్చింది. డప్పులతో వచ్చి, శెట్టి అరుగు మీదే మొదట దిగింది. ఊరంతా చూస్తోంది. ఇల్లాలు పసుపునీళ్ళు తేవాలని పూజారి కేక వేశాడు. కాసేపు ఆగి మళ్ళీ వేశాడు. మూడోసారి వేయబోయి, గుర్తొచ్చి ఊరుకున్నాడు.

ఘటం వచ్చే ఏడు కూడా వస్తుందండి అన్న మాట శెట్టి చెవిలో గిర్రున తిరిగింది. ఆయన స్తంభం పట్టుకుని, ఊరందరి ముందూ గొల్లుమని ఏడ్చాడు. ఘటం కాసేపు ఆగి, పసుపునీళ్ళు అందకుండానే లేచి అప్పలస్వామి ఇంటికి వెళ్ళిపోయింది. వెనక చూరు కింద గోడలో ఎక్కడో బల్లి పలికింది. అది తిరిగి వచ్చి గుడ్లు పెట్టుకుంది. శెట్టి నేల తట్టలేదు.

కాబట్టి పిల్లలూ, ఇల్లు తడిసిననాడు మనకు నచ్చే గడువు చెప్పేవాణ్ణి కాక గోడను ముట్టి చూసి నచ్చని నిజం చెప్పేవాళ్ళను పనికి పెట్టుకోవాలి. పరువు కోసం తడిని కప్పిపెట్టినవాడు చివరికి ఆ గోడ కింద తనవాళ్ళనే కప్పిపెట్టుకుంటాడు.