కుందేలు కన్నా వేలెడు ఎక్కువ

పడమటి చలిదేశంలో ఒక కోట, కోట కింద ఒక అడవి. ఆ కోటలోని పెద్దమనుషులకు పాదం జానెడైతే జోడు మూడు జానలు. ముందుకు పొడుచుకొచ్చిన మొన వాలిపోకుండా అందులో నాచు కూరేవారు. మరీ పొడుగైతే మొనకు గొలుసు కట్టి మోకాలికి తగిలించుకునేవారు. ఆ జోళ్లతో మెట్లెక్కలేరు, పరిగెత్తలేరు, గుళ్లో మోకరిల్లలేరు. పని చేసుకు బతకాల్సిన ఖర్మ తమకు లేదని లోకానికి చాటడానికి అంతకంటే మంచి మార్గం వాళ్లకు తోచలేదు పాపం.

ఈ వైభవాన్నంతా ఒక నక్క పొదల్లోంచి చూస్తుండేది. దానికి వయసు మీద పడింది. వానలు వెళ్లిన దగ్గర్నుంచీ ఒక్క కుందేలూ చిక్కలేదు. ఇంకో నెలలో మంచు పడుతుంది. ఆలోగా నాలుగు కుందేళ్లు కడుపులో పడకపోతే చలికాలం దాటడం కల్ల. కుందేళ్లకంటే వేగంగా పరిగెత్తడం ఇక తన వల్ల కాదు కాబట్టి, వాటినే నెమ్మదిగా నడిపిస్తే సరిపోతుందనుకుంది. ఆ ఆలోచన వచ్చిన రోజు తన తెలివికి తానే మురిసిపోయి, ఆకలి కూడా కాసేపు మర్చిపోయింది.

అడవిలో తోలుపని ముళ్లపందిది. సూదుల కోసం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు, వీపు మీదే ఉంటాయి. దాని చేత మొనజోళ్లు కుట్టించి, నక్క కుందేళ్ల బొరియల దగ్గరికి మోసుకెళ్లింది. కోటలో మర్యాదస్తులు తొడిగేవి ఇవేననీ, కుందేళ్లంటే తనకు ప్రాణం కాబట్టి ఊరికే ఇస్తున్నాననీ చెప్పింది. ప్రాణం మాట మటుకు నిజమే. కుందేళ్లకు పెద్దదిక్కయిన ముసలి కుందేలు ఒక జోడును అటూ ఇటూ తిప్పి చూసింది.

“అంత గొప్పవైతే తమరి కాళ్లకు లేవేంటి దొరా?”

ఆ అనుమానం తీర్చడానికి మర్నాటికి నక్క కూడా నాలుగు కాళ్లకూ తొడుక్కుంది. నక్క తొడిగాక అడవి ఆగుతుందా? అడవిపంది జోళ్లేసుకుని దుంపలు తవ్వడం మానేసింది. దుప్పి నీళ్లకని ఏటికి వెళితే మొనలు ముందే బురదలో దిగబడి, మూతి నీటిదాకా చేరక దాహంతోనే తిరిగొచ్చింది. ఎంత హుందాగా నడిచిందోనని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. అడవికి రాజైన ఎలుగుబంటి సంతోషపడి నక్కను మంత్రిని చేసింది.

అంతా బాగానే ఉంది గానీ కుందేళ్లూ మంత్రిగారంత పొడుగే తొడుక్కున్నాయి. నక్కకు తల కొట్టేసినట్టయింది. రేపు తినబోయేవాళ్లతో ఇవాళ సమానమేమిటని లోపల ఉడికిపోతుంటే, ముసలి కుందేలే రాజు ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

“మేమెక్కడ, మంత్రిగారెక్కడ మహారాజా. మావాళ్లకు బుద్ధి లేదు. ఆయన ఎంత పొడుగు తొడిగితే మేం దానికి వేలెడు తక్కువే తొడగాలని శాసనం చేయించండి.”

ఇంత అణకువ గల జాతిని తినాల్సి వస్తున్నందుకు నక్కకు కళ్లు చెమర్చాయి. శాసనం తానే చదివి వినిపించింది. ఆ ఊపులో తన మొనలు మూడు జానలకు పెంచి, మోకాళ్లకు గొలుసులు కూడా తగిలించింది.

ఇక వేట. కుందేళ్లు నిజంగానే పరిగెత్తలేకపోతున్నాయి, దొర్లుకుంటూ పోతున్నాయి. వెనకాల నక్క అంతకంటే ఎక్కువ దొర్లుతోంది. పది రోజులు దొర్లాక మూతి చీరుకుపోయి ముళ్లపంది దగ్గరికి వెళ్లింది. మొనలు ఒక బెత్తెడు తగ్గించమని గుసగుసగా అడిగింది.

“దానికేం భాగ్యం మంత్రిగారూ. అయితే కుందేళ్లవీ బెత్తెడు తగ్గించి రావాలి నేను. శాసనం అలాగే ఉంది.”

“శాసనం మార్పిస్తే?”

“మార్పించుకోండి. కుందేళ్లూ నేనూ ఒకటేనని తమరే వెళ్లి రాజుగారికి చెప్పుకోవాలి మరి.”

నక్క ఆ మొనలే ఈడ్చుకుంటూ వచ్చేసింది. మర్నాడు మంచు రాబోతున్నట్టు ఆకాశం బూడిదరంగుకు తిరిగింది. నక్క గుండె రాయి చేసుకుని జోళ్లు విప్పి, పొదలో దాచి, వట్టికాళ్లతో బయల్దేరింది. ఏటి ఒడ్డున ముసలి కుందేలు జోళ్లతో సహా ఒంటరిగా గడ్డి తింటోంది. మధ్య దూరం ఒక్క గెంతు. కుందేలు చూసింది. విప్పుకుని పారిపోయే వ్యవధి లేదు. గడ్డి నములుతూనే పలకరించింది.

“ఎవరు నాయనా నువ్వు? మా మంత్రిగారి పోలికలున్నాయి.”

“నేనే మంత్రిని.”

“ఊరుకో నాయనా. ఆయన వట్టికాళ్లతో తిరుగుతారా? ఆయన నోట పడితే మా వంశానికే పేరు. నీలాంటి దేశదిమ్మరి తింటే మావాళ్లు తలెత్తుకు తిరగలేరు.”

ఒక్క గెంతు. అంతే దూరమని నక్కకు తెలుసు, నోట్లో నీళ్లు కూడా ఊరాయి. కానీ తనను దిమ్మరి అనుకుంటూనే ఈ ముసల్ది చచ్చిపోతుందే అన్న బాధ ఆకలిని మించిపోయింది.

“ఇక్కడే ఉంటావా?”

“మంత్రిగారొస్తే తల వంచి నిలబడకుండా ఎక్కడికి పోతాను?”

నక్క వెనక్కి వెళ్లింది. నాలుగు జోళ్లు తొడిగి, నాలుగు గొలుసులు తగిలించి, నాచు సర్దుకుని, ఠీవిగా తిరిగొచ్చింది. కుందేలు మాట తప్పలేదు. తల వంచే నిలబడింది, కాకపోతే ఏటికి అవతలి ఒడ్డున. దాని నాలుగు జోళ్లూ ఇవతల గట్టు మీద వరసగా పేర్చి ఉన్నాయి. నేలకు నుదురు ఆనేలా దండం పెట్టి, తీరిగ్గా పొదల్లోకి నడిచి వెళ్లిపోయింది.

మంచు మొదలైంది. దారిన పోతున్న అడవిపంది మంత్రిగారి మొనల పొడుగు చూసి, బురదలోకి దిగి దారి ఇచ్చింది. కడుపులో ఎలుకలు పరిగెత్తుతుంటే, నక్క ఎంతో హుందాగా ఆ గౌరవాన్ని అందుకుంది.

నీతి: పక్కవాడి కాళ్లకు బంధం వెయ్యాలని గొప్పతనాన్ని ఎరగా పెట్టినవాడు, ఆ ఎరను ముందు తానే మింగుతాడు.