మెలికొమ్ముల మంద

తోడేళ్ళ సంగతి ఈ కథలో చెప్పను. పిల్లలూ, మీరూ అడగవద్దు. ఈ మందను పాడుచేసింది తోడేలు కాదు.

వెనుకటికి ఒక అడవి అంచున, రాళ్ళగుట్ట మీద, గొర్రెల మంద ఒకటి ఉండేది. దానికి పెద్ద, మెలికొమ్ముల పొట్టేలు. తన కొమ్ములంటే దానికి మహా గర్వం. అలాంటి కొమ్ములున్న తన కొడుకులూ మనుమలే మందలో ఉండాలనీ, బయటి పొట్టేలు గుట్ట ఎక్కరాదనీ కట్టడి చేసింది.

ఆ మందలో బొల్లి అనే గొర్రె ఉండేది. మొదటి ఈతలో పుట్టిన పిల్ల ఏడాదైనా ఎదగలేదు. రెండవ ఈతలో పుట్టినది లేచి నిలబడలేకపోయింది. మూడవ ఏడు అసలు చూలే నిలవలేదు. తోటి గొర్రెలదీ అదే గతి.

ఒకనాడు ఎదగని ఆ పిల్ల అడిగింది: "అమ్మా, పెద్దపొట్టేలు నాకు అమ్మ తరఫు తాతా, నాన్న తరఫు తాతా?"

"రెండూనే తల్లీ," అంది బొల్లి. అని, తన మాటకు తానే ఉలిక్కిపడింది.

తిన్నగా పెద్ద దగ్గరికి వెళ్ళింది.

"పెద్దయ్యా, మనమంతా ఒక్క నెత్తురే. అందుకే పిల్లలు ఎదగడం లేదు, కడుపులు పండడం లేదు. వాగవతలి మంద నుంచి ఒక పొట్టేలును పిలుద్దాం."

"ఆ బోడితలల వాళ్ళనా? నా వంశంలో బోడితల పుడితే నేను ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"పుట్టనీ పెద్దయ్యా. ముందు ఏదో ఒకటి పుట్టాలి కదా!"

గొర్రెలు పకపక నవ్వాయి. పెద్దపొట్టేలు కాలితో నేల దువ్వింది.

"గుట్ట దిగినవాళ్ళను మళ్ళీ ఎక్కనివ్వను!"

బొల్లి దిగింది. వాగు నీళ్ళు కడుపును తాకినా వెనుదిరగలేదు. బోడిపొట్టేలును వెంటబెట్టుకొని వచ్చేసరికి పెద్దపొట్టేలు దారికి అడ్డంగా నిలిచి ఉంది.

"ఓయ్ బోడోడా! కొమ్ముల్లేకుండా నాతో ఎలా పోరాడతావు?"

"పోరుకు రాలేదు మామా. కాపురానికి వచ్చాను."

బొల్లి ముందుకు వచ్చింది. "తప్పుకో పెద్దయ్యా. లేదంటే మేమందరం వాగు దాటి అక్కడే ఉండిపోతాం."

గొర్రెలన్నీ గుట్ట దిగి బొల్లి పక్కన నిలిచాయి. పెద్దపొట్టేలు వెనుదిరిగి ఖాళీ అయిన గుట్టను చూసింది. తరువాత పక్కకు జరిగింది.

ఏడాది తిరిగేసరికి గుట్టంతా పిల్లల గంతులే. కొన్నిటికి కొమ్ములు లేవు. బొల్లి కొత్త పిల్ల వచ్చి బోడితలతో తాత డొక్కలో ఒక్క పోటు పొడిచింది. తాత తూలింది. కానీ కోప్పడలేదు.

కొన్నాళ్ళకు దూరపు కొండ మంద నుంచి గోరింక ఒక ఉత్తరం తెచ్చింది: "అయ్యా, మా మందలోనూ అందరం ఒక్క ఇంటివాళ్ళమే. పిల్లలు బతకడం లేదు. మీ పొట్టేళ్ళలో ఒకదానిని ఇస్తారా?"

ఆ ఉత్తరానికి పెద్దపొట్టేలు జవాబు రాయలేదు. తన ముద్దుల మనుమడిని వెంటబెట్టుకొని, ఆ పూటే గుట్ట దిగింది.

నీతి: గర్వంతో గడప మూసుకొన్న వంశం తనలో తానే క్షీణిస్తుంది. కొత్త నెత్తురుకు చోటిచ్చినదే నిలుస్తుంది.