కొంగుముడిని గుర్తుంచుకున్న గుడ్లగూబ

ఒకప్పుడు గుడ్లగూబలకు మనిషి ముఖం చూడటమంటే భయం. చూస్తే ఆ రోజు ఎలక దొరకదని వాటి నమ్మకం. అందుకని ఎవరు కనబడినా గిర్రున వీపు తిప్పేసేవి.

పట్నంలోని ఒక పార్కులో, నిద్రగన్నేరు తొర్రలో అలాంటి గూబ ఒకటి ఉండేది. రోజూ పొద్దున్నే వకుళమ్మ అనే ముసలావిడ ఆ చెట్టుకింద ఆగేది. ఆవిడకు దాని చుక్కల వీపే కనబడేది.

ఇంటికెళ్లి చెబితే కోడలు ఇందుమతి నమ్మలేదు.

"ఇంత రద్దీలో గూబెక్కడిదత్తయ్యా? మొన్న పాలు పొయ్యిమీద మరిచారు. ఇప్పుడు లేనివి కనబడుతున్నాయి. ఇక ఒక్కరే పార్కుకు వెళ్లకండి."

"ఫొటో తెస్తే?"

"రెండ్రోజుల్లో తెండి. నమ్ముతాను."

మర్నాడు వకుళమ్మ ఫోనే మరిచిపోయి వచ్చింది. చెట్టుకింద నిలబడి కొంగుకు ముడి వేసుకుంది.

"రేపు నీ ఫొటో తియ్యాలి. లేకపోతే నన్నిక్కడికి రానివ్వరు" అని దాని వీపుతోనే చెప్పింది.

ఆ మర్నాడు ఫోను తెచ్చింది. ఎందుకు తెచ్చిందో మాత్రం గుర్తులేదు. ముడిని తడిమింది, విప్పింది, మళ్లీ వేసింది.

"దేనికబ్బా ఈ ముడి?" అంటూ బెంచీ మీద కూలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కొమ్మమీది ఉడత గూబను పొడిచింది. "నీకు తెలుసుగా, చెప్పరాదూ?"

"మనిషి ముఖం అపశకునమని మా అమ్మ చెప్పింది."

"నీ ముఖం గురించి వాళ్లమ్మా ఆవిడకు అదే చెప్పుంటుంది. అయినా రోజూ వస్తోంది కదా."

గూబ తల సగం తిప్పి, మళ్లీ ఆగింది.

వకుళమ్మ లేచి గేటువైపు రెండడుగులు వేసింది. అప్పుడు వెనకనుంచి "కీచు"మని గూబ అరుపు వినబడింది. తిరిగి చూస్తే, గుండ్రటి రెండు పసుపుపచ్చ కళ్లు. గూబ తల కిందికీ పైకీ ఊపింది. నీ ముడి నాకు గుర్తుంది, నాకోసమే, అన్నట్టు.

"నీకోసమా!" వకుళమ్మ చెంగుతో కళ్లు తుడుచుకుంది.

ఆవిడ ఫోను పైకెత్తి పట్టుకుంది. బొమ్మ సరిగ్గా వచ్చేదాకా గూబ రెప్ప వెయ్యలేదు.

ఇందుమతి ఆ ఫొటో వంక చాలాసేపు చూసింది. "వెళ్లిరండత్తయ్యా" అంది.

మర్నాడు వకుళమ్మ చెట్టుకింద ఆగి, "నిన్నెక్కడో చూశానే" అంది. గూబ మళ్లీ తలూపింది. ఆ రోజు దానికి రెండు ఎలకలు దొరికాయి.

అప్పటినుంచే, చెట్టుకింద ఎవరు ఆగి పైకి చూసినా, గూబ గుడ్లు విప్పుకుని చూస్తుంది. మీరు మరిచినా నాకు గుర్తున్నారు అన్నట్టు, తల కిందికీ పైకీ ఊపుతుంది.