ఆరు ముక్కల బిరుదు

ఇది చిన్న కథ, తాంబూలం నమిలేలోగా అయిపోతుంది. ఒకానొక సంస్థానంలో, అంటే ముల్లేటిపాడులో, జగ్గభూపతి అనే రాజు ఉండేవాడు. ఆ ఊరి వంకాయలు బాగుంటాయి. మనుషుల గురించి అంత గట్టిగా చెప్పలేం. రాజుగారు ఏమైనా సెలవిస్తారేమోనని దివానుగారు నిద్రలో కూడా తల ఊపేవారు. సరే, కథకొద్దాం.

రాజుగారికి పద్దెనిమిది బిరుదులు. సభలో భట్రాజు గురవరాజు అవన్నీ చదివి ముగించేదాకా రాజు గద్దెమీద కూర్చోకూడదు. అది తాతలనాటి ఆచారం. ఏడు తరాలుగా ఆ పని గురవరాజు వంశానిదే. వాళ్ల గొంతుకు కోటగోడ మీది పావురాలు లేచిపోయేవి.

ఒకనాడు ఎవరో దొర తన ఉత్తరంలో రాజుగారిని 'ఇన్‌డిఫాటిగబుల్' అన్నాడు. అలసట ఎరుగనివాడని అర్థమట. రాజు మురిసిపోయి దాన్ని పంతొమ్మిదో బిరుదు చేసుకున్నాడు.

"రేపు సభలో చదవాలి గురవరాజూ. తడబడ్డావో, నీ మాన్యం దివానుగారి బావమరిదికి. అతను ఇంగ్లీషు చదివాడు."

దివాను తల ఊపాడు.

గురవరాజు బడిపంతులు చేత ఆ మాట విప్పించుకున్నాడు. ముందున్న 'ఇన్' కాదంటుంది, నడుమ అలసట, చివర తోక. పలికితే ఆరు ముక్కలు. బరువంతా మూడోదాని మీద.

మర్నాడు పద్దెనిమిది బిరుదులూ ఒక్క ఊపులో చదివాడు. తర్వాత "ఇన్" అని ఆగాడు.

"పరాయి భాష బిరుదు ప్రభూ. ముక్కకొక తాతగారి అనుమతి కావాలి."

అని రాజుగారి ముత్తాత యుద్ధాలన్నీ వర్ణించాడు. "డి" అన్నాడు. తాతగారి పులివేట మొదలుపెట్టాడు. "ఫా" దగ్గరికి వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం. రాజు ఈ కాలిమీంచి ఆ కాలిమీదికి మారుతున్నాడు.

"ఇంకెంత ఉందయ్యా?"

"సగమైంది ప్రభూ. బరువైన ముక్క ఇదే."

"కాళ్లు లాగుతున్నాయి. కూర్చుంటాను."

"చిత్తం. కానీ అలసినవారికి ఈ బిరుదు చెల్లదు. మిగతా మూడు ముక్కలూ మింగేయమంటారా?"

దివాను తల సగంలో ఆగిపోయింది. రాజు పకపకా నవ్వి, కూలబడ్డాడు.

"పొద్దుటినుంచి గుక్కెడు నీళ్లు తాగకుండా అరిచావు. అలసట లేనిది నీకే. మాన్యం రెట్టింపు. బిరుదు కూడా నువ్వే ఉంచుకో."

అప్పుడు గురవరాజు రొమ్ము విరిచి, ఆరు ముక్కలూ ఒక్క ఊపిరిలో పలికాడు. పావురాలు లేచాయి.

ఆనాటి నుంచి ఇంట్లో కూడా బిరుదుతో పిలిస్తేనే పలికేవాడు. భార్య చిట్టెమ్మ నోరు తిరగక భోజనానికి పిలవడం మానేసింది. మూడోనాడు ఆయన ఆ బిరుదును దివానుగారి బావమరిదికి ఇచ్చేశాడు.