నల్లరాయిని కడిగిన రాకుమారుడు

దగ్గరగా జరగండి పిల్లలూ, చెబుతాను. మన ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టకముందు కుందనగిరిని ధీరసేనుడనే రాజు ఏలేవాడు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు జయంతుడు, చిన్నవాడు చిత్రభానుడు.

ఒకరోజు కరాళుడనే మాంత్రికుడు చిత్రభానుడి దగ్గరికొచ్చి, "కోట తాళంచెవి ఇస్తే నీకు ఎగిరే గుర్రాన్నిస్తాను" అన్నాడు. గుర్రం మీద ఆశకొద్దీ చిత్రభానుడు తండ్రి దగ్గర తాళంచెవి దొంగిలించి ఇచ్చేశాడు. మాంత్రికుడు కోటను సగం తగలబెట్టి, చిత్రభానుణ్ణి కూడా ఏడు సముద్రాల అవతలున్న దీవికి ఎత్తుకుపోయాడు.

"మూడు పనులు చెయ్యి, వదిలేస్తాను" అన్నాడక్కడ.

మొదటి పని, కొండంత కుప్పలో కలిసిపోయిన ఆవాలూ నువ్వులూ వేరు చేయడం. చీమలు జాలిపడి బారులు తీరి వచ్చి వేరు చేసి పెట్టాయి. రెండో పని, సముద్రంలో పడేసిన ఉంగరం తేవడం. ఒక చేప నోట కరుచుకుని తెచ్చిచ్చింది. మూడో పని, గుమ్మం ముందున్న నల్లరాయిని తెల్లబడేదాకా కడగడం.

చిత్రభానుడు కడిగాడు. ఏడాది కడిగాడు, రెండేళ్లు కడిగాడు, మూడేళ్లు కడిగాడు. చేతులు బొబ్బలెక్కాయి. రాయి మాత్రం అలాగే ఉంది.

ఒక కొంగ వచ్చి, "బాబూ, అది మురికి కాదు, రాయి రంగే అంత" అంది.

"అయితే ఇంకా గట్టిగా తోముతాను. ఇది తెల్లబడకుండా నాన్నగారికి నా మొహం ఎలా చూపించను?" అన్నాడు చిత్రభానుడు.

అతను తోముతూ ఉండగానే ఒకనాటి ఉదయం మాంత్రికుడి మేడ పెళపెళమని కూలిపోయింది. ఆ దుమ్ములోంచి ఒక చిలుక ఎగిరొచ్చి రాతి మీద వాలింది.

"రాకుమారా, కరాళుడు చచ్చాడు! వాడి ప్రాణం నాలో ఉండేది. నేను పంజరం దాటితే వాడు చస్తాడు. కానీ ఆ పంజరం నిండా విషపు ముళ్లు. చెయ్యి పెట్టొద్దని ఎంత మొత్తుకున్నా మీ అన్న వినలేదు."

వెనకాలే జయంతుడు నడిచి వచ్చాడు. కుడిచేతికి తలపాగా గుడ్డ చుట్టి ఉంది. ఆ చెయ్యి కదలడం లేదు.

"పద తమ్ముడూ, ఇంటికి పోదాం."

"రాయి ఇంకా తెల్లబడలేదన్నయ్యా!"

"తెల్లరాయి ఎవరడిగారురా? నాన్నగారు నిన్ను తెమ్మన్నారు."

చిత్రభానుడు అన్న చేతిని పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఇద్దరూ ఒక పెద్ద తాబేలు వీపునెక్కి ఏడు సముద్రాలూ దాటారు. దారి పొడవునా చిత్రభానుడు ఒకటే అనుకున్నాడు. గుర్రపుశాల ఊడుస్తాను, కాలిన గోడలు కడతాను, అప్పుడు క్షమించమని అడుగుతాను.

రేవులోనే ధీరసేనుడు ఎదురొచ్చాడు. చిత్రభానుడు నోరు తెరవకముందే గట్టిగా కావలించుకున్నాడు.

"నేను గుర్రపుశాలలో..." అనబోయాడు చిత్రభానుడు.

"ముందు అన్నానికి రా" అన్నాడు రాజు.

భోజనాల దగ్గర చిత్రభానుడు వడ్డించడానికి లేచాడు. తండ్రి చెయ్యి పట్టుకుని పీటమీద కూర్చోబెట్టాడు. మళ్లీ లేచాడు. మళ్లీ కూర్చోబెట్టాడు. మూడోసారి లేవబోయి, అన్నవైపు చూశాడు. జయంతుడు ఎడంచేత్తో తింటూ నవ్వుతున్నాడు. అంతే, చిత్రభానుడు కుదురుగా కూర్చున్నాడు. తల్లి పాయసం పోసింది. మొదట మెల్లగా తిన్నాడు, తర్వాత ఆబగా తిన్నాడు. చివరికి విస్తరాకు ముందుకు జరిపి, చిన్నపిల్లాడిలా, "ఇంకొంచెం పొయ్యమ్మా" అన్నాడు.

ఆ ఏడే మందాకిని అనే రాకుమార్తెతో అతనికి పెళ్లయింది. తండ్రి తర్వాత రాజైన జయంతుడు రాజ్యంలో సగం తమ్ముడికిచ్చాడు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్కనే చాలాకాలం చల్లగా ఏలారు. చిత్రభానుడి కోటకు మాత్రం ఒక్క తలుపుకైనా గడియ ఉండేది కాదట. ఎవరొచ్చినా, ఏం చేసి వచ్చినా, ముందు అన్నం పెట్టేవారట.